యాభయ్యో చుట్టు

చెట్ బుడ్నిక్ రాగితీగ చుట్టేటప్పుడు పెదాలు కదుపుతాడు. కొత్తగా చూసినవాళ్లు కూనిరాగం అనుకుంటారు. కాదు, జపం. ఒక్కో చుట్టుకీ ఒక్కో "మరియమ్మా వందనం". పది చుట్లయ్యాక ఒక పరలోక జపం. అప్పుడు చెయ్యి ఆపి, చెక్కపుల్లతో తీగని లోపలికి నొక్కుతాడు. జపమాలలో యాభై మరియమ్మలు, మా బొమ్మకార్ల రేస్‌వే రూలు ప్రకారం మోటారు లోపల తిరిగే ఆర్మేచర్‌లో ఒక్కో రెక్కకీ యాభై చుట్లు. ఆ రూలు పెట్టిన రేస్‌వే యజమాని నోర్బ్ ప్యూఖా ఇది తెలిసే పెట్టాడో, దేవుడే అలా కలిపాడో నాకు తెలీదు. మూడు రెక్కలకి మూడు జపమాలలు, అంతే లెక్క. చెట్ పనిచేసే షాపులో ఫ్యాక్టరీల పెద్ద మోటార్లు రీవైండింగ్ చేస్తారు. అక్కడ పక్క బల్ల మీద పోలండ్ నుంచి వచ్చిన ఒక ముసలాయన ఉండేవాడు, ఆయన నేర్పిన పద్ధతి ఇది. అంకెలు పెట్టుకుంటే ఎవడో వచ్చి టైమెంతని అడిగేసరికి తప్పిపోతాయట, మరియమ్మ తప్పిపోదట.

"బొమ్మకారుకి ఇంత భక్తేంటయ్యా నీకు!" అని అతని పెళ్లాం జెనెవీవ్ ఎప్పుడూ దెప్పేది. "గుడిలో మాత్రం మూడో మరియమ్మకే గురక మొదలెడతావు."

బొమ్మకారు అని తేలిగ్గా అనేస్తారు గానీ, మా ఊరు హామ్‌ట్రామిక్‌లో ఆ రోజుల్లో దాన్ని మించిన సంగతి లేదు. వారమంతా ఫ్యాక్టరీలో నిజం కార్లకి తలుపులు బిగించిన మనుషులు, శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి నోర్బ్ రేస్‌వేకి పరిగెత్తేవాళ్లు. అది పాత బౌలింగ్ హాలు. అందులో చెక్కతో కట్టిన పొడవాటి ట్రాకు, దానిలో ఎనిమిది గాడులు, గాడికో రంగు. అరచేతిలో పట్టే కారు, బొటనవేలంత మోటారు. చేతిలో మీట పట్టుకుని నొక్కితే కంటికి ఆనకుండా దూసుకుపోయేది. ఆ హాల్లో మంచి కార్లన్నిటి పొట్టలోనూ చెట్ చుట్టి నీలంరంగు జిగురు పూసిన ఆర్మేచరే ఉండేది. "బుడ్నిక్ నీలం" అంటే ఒక పరువు. చెట్‌కి ఆ పరువంటే ప్రాణం. పైకి మాత్రం "ఏముందిలే, తీగ చుట్టడమేగా" అనేవాడు, అలా అంటున్నప్పుడు ఎవరైనా కాదని పొగిడేదాకా అక్కడే నిలబడేవాడు.

ఇంకో ఆచారం చెప్పాలి, కథంతా దానిమీదే నడుస్తుంది. చుట్లు తక్కువ పెడితే మోటారు ఇంకా జోరుగా తిరుగుతుంది. అందుకని రేసు అవ్వగానే గెలిచినవాడి మోటారుని నోర్బ్ కౌంటరు మీద విప్పేస్తాడు. ఆర్మేచర్‌ని స్టవ్ మంట మీద పెట్టి జిగురు మాడ్చి, మూడు రెక్కల తీగా అందరి ముందూ విప్పుతాడు. హాలంతా గొంతు కలిపి లెక్కపెడుతుంది. "నలభై తొమ్మిదీ, యాభై!" అని బల్ల చరిస్తేనే గెలుపు ఖాయం. ఆ తర్వాత ఆ మూడు తీగల్నీ సాగదీసి గోడకి మేకుతో కొడతారు. కింద తోలినవాడి పేరు, చుట్టినవాడి పేరు. రెండో స్థానంలో వచ్చినవాడి మోటారు ఎవడూ ముట్టుకోడు.

ఒక ఏడాది ఎడ్ స్లీవా అనేవాడు చుట్టిన మోటారు గెలిచింది. విప్పుతుంటే మూడో రెక్క దగ్గర లెక్క నలభై ఎనిమిదికే ఆగిపోయింది. అప్పుడు వెనకనుంచి చెట్ గొంతు వినిపించింది: "ఏం ఫర్వాలేదు ఎడ్, ఇది స్లీవా డజను! పన్నెండంటే పదే!" అంతే, కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. ఎడ్ కోటు తీసుకుని వెళ్లిపోయాడు, మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. మాట మాత్రం ఊళ్లో ఉండిపోయింది. ఇప్పటికీ బేకరీలో రొట్టెలు తక్కువొస్తే "స్లీవా డజను కట్టావేంటమ్మా" అంటారు. ఆ జోకు తనదేనని చెట్ చాలాకాలం గొప్పగా చెప్పుకున్నాడు.

ఇక కాజ్ బీలిక్. చెట్‌కి ప్రాణస్నేహితుడు, అదే షాపులో అదే బెంచీ, రెండిళ్ల అవతల ఇల్లు. రేస్‌వే తెరిచిన రోజునుంచీ ప్రతి శుక్రవారం తోలాడు, ఒక్కసారంటే ఒక్కసారి గెలవలేదు. తోలడం రాక కాదు. ముందుకొచ్చాడంటే సంబరం పట్టలేక మీట గట్టిగా నొక్కేసేవాడు, కారు మలుపులో ఎగిరి గోడకి కొట్టుకునేది. నవ్వుతూ వెళ్లి తెచ్చుకునేవాడు. "ఈ ఏడు చూడు చెట్, గోడమీద నా పేరూ నీ పేరూ పక్కపక్కన" అని ప్రతి ఏడూ అనేవాడు.

ఏడాది మొత్తంలో పెద్ద రేసు ఈస్టర్‌కి ముందు వచ్చేది. బహుమతి పొగబెట్టిన పెద్ద హ్యామ్, అంటే పంది తొడ మాంసం. తపస్సు కాలం, పైగా శుక్రవారం, ఎవడూ మాంసం ముట్టకూడదు. ఆ హ్యామేమో కౌంటరు పైన వేలాడుతూ హాలంతా ఘుమఘుమలాడించేది. కాజ్ భార్య డొలోరెస్‌కి ఒకటే కోరిక. ఈస్టర్ ముందురోజు పవిత్ర శనివారం నాడు ఆడవాళ్లంతా ఈస్టర్ తిండిని బుట్టల్లో సర్దుకుని గుడికి తీసుకెళ్లి దీవెన చేయించుకుంటారు కదా, ఆ బుట్టలో మొగుడు గెలిచిన హ్యామ్ పెట్టుకుని ఒక్కసారి వరసలో నిలబడాలని.

"కొన్న హ్యామ్ ఎవరైనా పెడతారు," అనేది ఆవిడ. "గెలిచింది పెట్టడమే గొప్ప."

"దానిదేముంది డొలీ, ఈసారి చూడు," అనేవాడు కాజ్.

పెద్ద రేసు జరిగే ఆ శుక్రవారం చెట్ షాపు నుంచి తొందరగా వచ్చి, వంటింటి కిటికీ పక్కనున్న తన చిన్న బల్ల ముందు కూర్చున్నాడు. కాజ్ కోసం కొత్త ఆర్మేచర్. మొదటి రెక్క అయింది, రెండోదీ అయింది. మూడో రెక్క మీద నాలుగో పదిలో ఉండగా పొయ్యి మీద బీట్‌రూట్ సూపు బుస్సున పొంగింది. జెనెవీవ్ మెట్లమీంచి పరిగెత్తుకొస్తూ "ఓ మరియమ్మా! ఎర్రగా అయిపోయింది నా స్టవ్వంతా!" అని అరిచింది. చెట్ తల తిప్పాడు, నవ్వాడు, మళ్లీ చుట్టడంలో పడ్డాడు. ఐదో పది పూర్తి చేశాడు. తీగ కొసలు అతికించి, జిగురు పూసి, ఓవెన్‌లో పెట్టాడు. అప్పటికి మనసులో ఏమీ లేదు.

జిగురు గట్టిపడ్డాక తూకం చూడటానికి కూర్చున్నాడు. రెండు బ్లేడుల్ని అంచు పైకుండేలా నిలబెట్టి, ఆర్మేచర్ ఇరుసుని వాటిమీద ఆనిస్తాడు. ఏ రెక్క బరువుంటే అది మెల్లిగా దొర్లి కిందికొస్తుంది. తేలికైన రెక్క పైకి లేస్తుంది. మూడో రెక్క పైకి లేచింది. వేలితో కదిపి మళ్లీ చూశాడు. మళ్లీ అదే పైకి.

అప్పుడు తట్టింది. సూపు! జెనెవీవ్ అరిచిన మరియమ్మ! ఆ మరియమ్మని తన లెక్కలో కలిపేసుకున్నాడా? ఆవిడ అరిచినప్పుడు చెయ్యి తిరిగిందా, తిరగలేదా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. గుర్తు రాని కొద్దీ తిరగలేదనే అనిపించింది. మూడో రెక్కకి నలభై తొమ్మిదే. తేలిక కాబట్టేగా పైకి లేస్తోంది, ఇంకా సాక్ష్యం ఏం కావాలి? విప్పి చూద్దామంటే జిగురు రాయైపోయింది. మళ్లీ చుడదామంటే కాజ్ వచ్చే వేళైంది.

చెప్పొచ్చు కదా! గుమ్మంలోకి వచ్చిన స్నేహితుడితో, "ఒరేయ్ కాజ్, ఇందులో నాకు అనుమానం ఉంది, ఈ పూటకి నీ పాత మోటారు వేసుకో" అంటే సరిపోయేది. కాజ్ నవ్వేసి వెళ్లిపోయేవాడు. కానీ బుడ్నిక్ నీలం మీద అనుమానమని చెట్ తన నోటితో చెప్పడమా? మిగతా రెండు రెక్కల ఇనుములో సన్నటి డ్రిల్లుతో రవ్వంత రవ్వంత తవ్వాడు. ఇప్పుడు ఆర్మేచర్ బ్లేడుల మీద ఎలా పెడితే అలా కదలకుండా నిలబడింది. లోపం ఎక్కడుందో ఇక కన్నూ పట్టదు, బ్లేడూ పట్టదు. విప్పితే తప్ప తెలీదు. విప్పేది గెలిచినవాడిదే.

అప్పుడు చెట్ బుడ్నిక్ మనసులో ఒక మాట అనుకున్నాడు. కాజ్ ఎలాగూ గెలవడు కదా.

ఏం మనిషండీ! చుట్టు తప్పితే తప్పింది, మనుషులకి చుట్లు తప్పుతాయి. కానీ ఆ మాట అనుకున్నాడు చూశారా, అక్కడ నాకు ఒళ్లు మండుతుంది. అతనికీ మండింది, అది తర్వాత. అప్పటికైతే మోటారు బిగించి, కాజ్ రాగానే చేతిలో పెట్టాడు.

"ఎలా ఉంది?" అన్నాడు కాజ్.

"బాగుంది," అన్నాడు చెట్.

"బాగుందా? దీని పాట విను!" కాజ్ బ్యాటరీకి తగిలించి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మోటారు వణుకన్నది లేకుండా సన్నగా పాడింది. "ఒరేయ్, నీ చేతులకి ముద్దు పెట్టాలిరా." చెట్ చూపు తిప్పుకుని స్టవ్వు మీద ఎర్ర మరక తుడవడం మొదలుపెట్టాడు. జెనెవీవ్ ఆశ్చర్యపోయి, "ఏంటి, ఒంట్లో బాగానే ఉందా?" అంది.

రేస్‌వేలో చెట్ ఎప్పుడూ తోలడు. ట్రాకు చివర మెలిక తిరిగే చోటుని చావు మలుపు అంటారు. అక్కడ నిలబడి, గాడి తప్పి ఎగిరిన కార్లని తీసి మళ్లీ ఎవరి గాడిలో వాళ్లది పెట్టడం అతని పని. తోలేవాళ్లు మీట వదిలి రాకూడదు, అందుకని మలుపుకో మనిషి. చెట్‌ది చురుకైన చెయ్యి. ఎగిరిన కారు ఇంకా గాల్లో ఉండగానే పట్టి పెట్టేస్తాడని పేరు.

ఆ సాయంత్రం కాజ్ తోలిన తోలుడు నేను మళ్లీ చూడలేదు. ఒక్కో రౌండూ దాటుకుంటూ ఆఖరిదాకా వచ్చేశాడు. ఆఖరి రౌండులో మిగతావాళ్లంతా వెనకబడ్డారు, గట్టి పోటీ డిక్ హాల్వర్సన్ ఒక్కడే. శివారు కాలనీ నుంచి ఇస్త్రీ చొక్కాతో వచ్చేవాడు, బాగా తోలేవాడు, కాదనను. కాజ్‌ది ఎర్ర గాడి. ముందుకొచ్చాడు, ఇంకా ముందుకొచ్చాడు, అయినా మీట ఎక్కువ నొక్కలేదు. నాలుక బయటపెట్టి, బిగబట్టి తోలుతున్నాడు. డొలోరెస్ కుర్చీ ఎక్కి నిలబడింది. "నెమ్మది కాజ్! నా బంగారం, నెమ్మది!" అని గొంతు పోయేలా అరుస్తోంది.

చావు మలుపు దగ్గర చెట్ ఎర్ర గాడినే చూస్తున్నాడు. ఆ నీలం మోటారు తన ముందునుంచి జుయ్యిమని పోయినప్పుడల్లా కౌంటరు మీద స్టవ్వు కనిపిస్తోంది. విప్పుతారు, అందరూ లెక్కపెడతారు, నలభై తొమ్మిది దగ్గర ఆగుతారు. ఎవడో వెనకనుంచి "బుడ్నిక్ డజను!" అంటాడు. పెదాలు వాటంతటవే కదిలాయి. "మరియమ్మా వందనం, వాణ్ణి ఓడించు. మరియమ్మా వందనం, వాణ్ణి ఓడించు." తను ఏం అడుగుతున్నాడో చెవులకి వినబడి సిగ్గుతో ముఖం వేడెక్కింది. అయినా పెదాలు ఆగలేదు.

పసుపు గాడిలో వస్తున్న ఇంకెవరిదో కారు అదుపు తప్పి, అడ్డంగా తిరిగి కాజ్ కారుని కొట్టింది. కాజ్ తప్పు ఇసుమంతైనా లేదు. ఎర్ర గాడి కారు ఎగిరి సరిగ్గా చెట్ చేతిలో పడింది. పట్టుకోవడమైతే పట్టుకున్నాడు. మోటారు పిట్టపిల్లలా వెచ్చగా ఉంది.

కారు అడుగున ముందువైపు గాడిలోకి దిగే చిన్న నాలుక ఉంటుంది. చెట్ దాన్ని గాడి పక్కన పెట్టాడు. మళ్లీ ఎత్తి, మళ్లీ పక్కనే పెట్టాడు. గాడి కనబడనట్టు వంగి చూశాడు.

"చెట్! ఎర్ర గాడి! ఎర్ర గాడి చెట్!" కాజ్ కేక.

హాల్వర్సన్ కారు ఒకసారి పోయింది. మళ్లీ వచ్చి మళ్లీ పోయింది. అప్పుడు పెట్టాడు చెట్. ఎర్ర కారు ప్రాణం పెట్టి పరిగెత్తింది, హాల్వర్సన్‌కి సగం ట్రాకంత దూరంలోకి వచ్చేసింది, ఇంతలో టైమైపోయి గంట మోగి కరెంటు ఆగిపోయింది.

హాల్వర్సన్ ఆర్మేచర్ని విప్పుతుంటే అందరికంటే గట్టిగా లెక్కపెట్టింది చెట్. నిక్కచ్చిగా యాభై. హ్యామ్ దింపి హాల్వర్సన్ చేతిలో పెట్టారు. నోర్బ్ చెట్ వైపు తిరిగి, "ఏమైందిరా నీకు అక్కడ?" అన్నాడు.

చెట్ నోరు తెరిచేలోపే కాజ్ అడ్డొచ్చాడు. "వాణ్ణెందుకంటావు? తప్పు నాది. సంబరంలో ఎక్కువ నొక్కాను, కారు ఎగిరిపోయింది. నా సంగతి తెలిసిందేగా!" అందరూ అలవాటుగా నవ్వారు. డొలోరెస్ నవ్వలేదు. కుర్చీ దిగి కోటు వేసుకుంది.

బయట కారు దగ్గర కాజ్ చెట్ భుజం మీద చెయ్యేశాడు. "చేతులు వణుకుతున్నాయి కదూ? మా నాన్నకీ ఇలాగే మొదలైందిరా. ముందు చిన్న వస్తువులు పట్టు దొరకవు. డాక్టరు దగ్గరికి వెళ్దాం, నేనొస్తాను. ఎవరితోనూ అననులే."

కాదని చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. చెట్ తల ఊపాడు. అవునని ఊపాడు! ఊపి, "ఆ మోటారు ఇటివ్వు, కొంచెం సరిచేసి ఇస్తాను" అని జేబులో వేసుకున్నాడు.

కాజ్ ఎవరితోనూ అనలేదు. కానీ ఆ హాల్లో అందరికీ కళ్లున్నాయి కదా. చెట్ బుడ్నిక్ చేతులు పోయాయట అనే మాట ఆదివారానికల్లా గుడి మెట్లెక్కింది. ఎవరూ ఎగతాళి చెయ్యలేదు, అదే ఘోరం. నోర్బ్ అతనికి కాఫీ సగం కప్పే పోశాడు, ఒలకకుండా. డొలోరెస్ తేనె సీసా ఒకటి పంపింది, వేళ్లకి రాసుకోమని. హ్యామ్ పోయిన బాధలో కూడా పంపింది మహాతల్లి. షాపులో ఫోర్‌మన్ సన్నతీగ పని తీసేసి లావుతీగ పని ఇచ్చాడు, వీపు తట్టి మరీ. తెలిసినవాళ్లు తమ మోటార్లు ఇంకో ఊళ్లో చుట్టేవాడికి పంపుతూ, "నీకు శ్రమెందుకని చెట్" అన్నారు.

మరుసటి వారం, ఈస్టర్‌కి వారం ముందొచ్చే మట్టల ఆదివారం పూజ అయ్యాక ఇంట్లో ఎవరూ లేనప్పుడు చెట్ ఆ ఆర్మేచర్ని స్టవ్వు మంట మీద పెట్టాడు. ఎందుకంటే అది ఇంట్లో ఉన్నంతసేపూ భయమే. విప్పి, తీగ చెత్తలో పారేస్తే పీడ వదులుతుంది అనుకున్నాడు. మూడో రెక్కతోనే మొదలెట్టాడు. విప్పుతుంటే పెదాలు అలవాటుకొద్దీ కదిలాయి. ఒక్కో చుట్టుకీ ఒక్కో మరియమ్మ. నాలుగు పదులు దాటాయి. చేతిలో వేగం తగ్గింది. నలభై ఏడు. నలభై ఎనిమిది. నలభై తొమ్మిది. రెక్క మీద ఇంకో చుట్టు ఉంది.

దాన్నీ విప్పాడు. యాభై. మిగతా రెండు రెక్కలూ విప్పి, మూడు తీగల్నీ సాగదీసి బల్లమీద పక్కపక్కన పెట్టాడు. వెంట్రుకంత తేడా లేదు. మరి ఆ రెక్క ఎందుకు తేలికైంది? మాడిన జిగురు చూస్తే తెలిసింది, దానిమీద పొర పల్చగా ఉంది. ఓవెన్‌లో తట్ట ఒరిగి జిగురు పక్కకి జారింది. అంతే! ఎవరికైనా జరిగేదే, వందసార్లు చూసిందే. తన చెయ్యి తప్పలేదు, మరియమ్మా తప్పలేదు. ఆ మోటారు ఆ సాయంత్రం కౌంటరు మీద విప్పి ఉంటే హాలంతా యాభై అని అరిచేది. ఈ మూడు తీగలూ ఇప్పుడు గోడమీద ఉండేవి, కింద కాజ్ బీలిక్ అని, చెట్ బుడ్నిక్ అని.

సిగ్గుతో చచ్చిపోవడం అంటారే, అది మాటవరసకి అంటారనుకున్నాడు ఇన్నాళ్లూ. తన ఇంట్లో, ఎవరూ లేని వంటింట్లో, రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. ఆ చేతులు రాయిలా నిలకడగా ఉన్నాయి.

జెనెవీవ్ వచ్చేసరికి అలాగే ఉన్నాడు. అంతా చెప్పాడు. సూపు దగ్గర మొదలెట్టి చెప్పాడు.

"నా సూపు మీదికి తొయ్యకు," అంది జెనెవీవ్. ఇంకేమీ తిట్టలేదు. "నాకెందుకు చెబుతున్నావు? చెప్పాల్సింది నాకా?" అంది.

వారమంతా చెప్పలేదు. షాపులో కాజ్ పక్కనే కూర్చుని, చెట్ బిగించాల్సిన స్క్రూలు కూడా అతనే బిగించి పెడుతుంటే నోరు మూసుకుని కూర్చున్నాడు. చివరికి పవిత్ర శనివారం నాడు, గుడి కింద హాల్లో, పొడవాటి బల్లల ముందు అందరూ బుట్టలు పట్టుకుని నిలబడ్డప్పుడు, కాజ్ పక్కన చోటు దొరికింది. డొలోరెస్ కొంచెం అవతల ఎవరితోనో మాట్లాడుతోంది. కాజ్ బుట్టలో కుట్టుపని చేసిన తెల్లగుడ్డ కింద గుడ్లు, రొట్టె, వెన్నతో చేసిన గొర్రెపిల్ల బొమ్మ. హ్యామ్ ఉండాల్సిన చోట చిన్న సాసేజి ముక్క చుట్టగా పెట్టి ఉంది. దాన్ని చూసి చెట్ జేబులోంచి మూడు తీగలూ తీశాడు.

"నీ మోటారు తీగలివి, కాజ్. యాభై, యాభై, యాభై."

"నాకు తెలుసుగా," అన్నాడు కాజ్. "నీది ఎప్పుడు తప్పింది?"

"తప్పిందనుకున్నాను. ఒకటి తగ్గిందనుకున్నాను. నువ్వు గెలిస్తే విప్పుతారని, కారు చేతిలో పట్టుకుని ఆపాను. నా చేతులకేం లేదు కాజ్. ఎప్పుడూ ఏం లేదు."

కాజ్ అతని ముఖంలోకి చూశాడు. ముందు అర్థం కానట్టు, తర్వాత నెమ్మదిగా అర్థమవుతున్నట్టు.

"తగ్గిందనుకుంటే మరి నాకెందుకిచ్చావు?" అన్నాడు.

ఇక్కడ అబద్ధం ఆడొచ్చు. టైము లేదని అనొచ్చు. చెట్ నేలకేసి చూస్తూ చెప్పాడు. "నువ్వెలాగూ గెలవవు కదా అనుకున్నాను."

అటువైపు నుంచి ఫాదర్ బల్లల వెంబడి పవిత్రజలం చల్లుకుంటూ వస్తున్నాడు. కాజ్ ఆ మూడు తీగల్నీ చెట్ చేతిలోంచి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, తన చొక్కా జేబులో పెట్టుకుని గుండీ పెట్టుకున్నాడు. ఆ గుండీ పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

"ఇన్నేళ్లూ నువ్వు కూడా అలాగే అనుకున్నావా?" అన్నాడు.

చెట్ తల ఎత్తలేదు.

"సరే. అయితే ఒక పని చెయ్యి. నీ చేతులు వణికాయి. అందరికీ అదే ఉండనీ. ఈ మాట నోర్బ్‌తో అనకు, ఎవరితోనూ అనకు. ముఖ్యంగా డొలీతో." గొంతు తగ్గించాడు. "కారు ఎగిరిపోయింది కాబట్టి ఓడానని దానికి తెలుసు, అది ఓర్చుకుంటుంది. నా ప్రాణస్నేహితుడే నన్ను అలా లెక్కేశాడని తెలిస్తే ఓర్చుకోలేదు. నేనూ దాని ముఖం చూడలేను."

"కాజ్..."

"అంతే చెట్. నువ్వు నాకు చెయ్యగలిగింది అంతే."

చల్లిన నీళ్లు బుట్టల మీద, వాళ్ల చేతుల మీద పడ్డాయి. డొలోరెస్ వచ్చి మొగుడి పక్కన నిలబడి శిలువ గుర్తు వేసుకుంది. చెట్‌ని చూసి, ఎప్పటిలాగే జాలిగా, "చెట్, ఎలా ఉన్నాయి చేతులు? తేనె రాస్తున్నావా?" అని అడిగింది.

చెట్ కాజ్ వైపు చూశాడు. కాజ్ ముందుకే చూస్తున్నాడు.

"రాస్తున్నానమ్మా," అన్నాడు చెట్. "తగ్గలేదు." అని, ఆవిడకి కనబడేలా చేతులు కొంచెం వణికించి, కోటు జేబుల్లో పెట్టుకున్నాడు.